చిలకమ్మ పిన్ని పేరున ఉన్న తోట

కాఫీకి నీడనిచ్చే సిల్వర్ ఓకు చెట్టును పచ్చిగా కోస్తే పుల్లటి వాసన వస్తుంది. ఈ ఉదయం ఆ వాసన పక్క తోట నుంచి మా వంటింట్లోకి వచ్చింది. చిలకమ్మ పిన్ని కూతురు, కాఫీ మీద నీడ ఎక్కువైన చోట చెట్లు కొట్టిస్తోంది. పిన్ని పోయి రెండేళ్ళు. ఇంత అన్నం, ఇంత నీడ ఇచ్చిన ప్రభువుకు స్తోత్రం చెప్పుకుంటూ పొయ్యి ముందు కూర్చున్నాను. మనసులో మాత్రం పాత కుళ్ళు కదిలింది. బతికుండగా పిన్నిని చూసి ఎంత కుళ్ళుకున్నానో, ఇప్పుడు ఆమె కూతుర్ని చూసీ అంతే.

జి.మాడుగుల దాటాక మా కొండవాలులో కాఫీ తోటలన్నీ మగవాళ్ళ పేరునే ఉంటాయి. పిన్ని తోట ఒక్కటే ఆమెది. కొడుకులు లేని తండ్రి, పట్టా ఆమె పేరున రాయించాడు. బడి దూరమని మా నాన్న నాకు ఇంట్లోనే బైబిలు వాక్యాలు చదివిస్తూ అక్షరాలు నేర్పాడు. అందుకు నేటికీ కృతజ్ఞురాలినే. అయినా పిన్ని వేలిముద్ర చెల్లే చోట నా గుండ్రటి సంతకానికి చోటు లేదు.

కలప షావుకారు ఆమె తోటకు వచ్చిన రోజు నేను అక్కడే కాఫీ పండ్లు కోస్తున్నాను. "మీ ఆయన్ని పిలవమ్మా, బేరం మాట్లాడాలి" అన్నాడు. "ఆయనకి మేకలున్నాయి బాబూ. మేకలు కావాలంటే పిలుత్తాను" అంది పిన్ని. కూలీలు పగలబడి నవ్వారు. మిట్టమధ్యాహ్నం దాకా అతన్ని కూర్చోబెట్టి, నీడలు బాగా పొట్టివయ్యాక తోటలోకి తీసుకెళ్ళింది. ఒకే కాఫీ మొక్క మీద రెండు చెట్ల నీడ పడితే ఒకటి అమ్మేది. మిరియాల తీగ పాకిన చెట్టు జోలికి రానిచ్చేది కాదు. ఆమె చెట్లు అమ్మదని కాదు. ఏది, ఎప్పుడు, ఎందుకు అన్నది ఆమె నోటి నుంచే రావాలి. నాకు కడుపు మండింది ఆ మాట చెల్లుబడిని చూసే.

మా ఊళ్ళో తీగ నాటిన ఆడదానివే మిరియాలు, చెట్టు పట్టాదారుది. ఆ మరుసటేడు మా ఆయన ఇంటికి శ్లాబు వెయ్యాలని మా రెండు తోటల్లో పైతోట చెట్లన్నీ ఒక్కసారే అమ్మేశాడు. వాటితో పాటు నేను పెంచిన తీగలూ కూలాయి. "సెట్లు నాయి. మిరియాలు నీయే కదా, ఏరుకో" అన్నాడు. ఆ మాటలో కోపం కూడా లేదు. ముదరని గుత్తులు ఏరుకున్నాను. నీడ లేక వేసవికి కాఫీ ఆకులు మాడిపోయాయి.

పిన్ని ఇంటికి వెళ్ళి, గుమ్మంలోనే నిలబడి, "నీకేటి పిన్నీ, మీ నాన్న రాసిచ్చేడు" అన్నాను.

ఆమె నొచ్చుకోలేదు. "అవునే గుంటా. నాకు దొరికింది, నీకు దొరకలేదు. కిందితోట ఇంకా ఉంది గదా. షావుకారొత్తే మంచినీళ్ళిచ్చి లోపలికి పోకు. అక్కడే కూకో."

కిందితోట బేరానికి షావుకారు రానే వచ్చాడు. నీళ్ళిచ్చి మా ఆయన పక్కనే కూర్చున్నాను. "నీకేటి పని ఇక్కడ? బేగి లోపలికెళ్ళు" అన్నాడాయన.

"పైతోటలో కాఫీ ఏటయిందో షావుకారుకి సెప్పు. అప్పుడెల్తాను" అన్నాను.

మా ఆయన షావుకారు వైపు తిరిగి, తీగలున్న చెట్లు వదిలెయ్యమన్నాడు. చివరికి తీగల్లేని చెట్లే బేరమయ్యాయి.

కిందితోట నిలిచింది. పట్టా ఇంకా ఆయన పేరునే ఉంది. ప్రతి బేరానికీ మళ్ళీ కూర్చోవలసిందే. పిన్నికి ఎవరి పక్కనా అలా కూర్చోవలసిన పని ఎన్నడూ పడలేదు. ప్రార్థనలో తోటకూ, పిన్నికీ స్తోత్రం చెప్తాను. నాలోని చెడ్డనంతా తీసెయ్యమని అడుగుతాను. ఆ కుళ్ళును మాత్రం తీసెయ్యమని ఇంతవరకూ అడగలేదు. ఆ బేరం రోజు మా ఆయన పక్క నుంచి నన్ను లేవనివ్వనిది అదే.