డ్రైవరుగారి పగటి ఇల్లు

డ్రైవరుగారు ఉద్యోగం చేసినన్నాళ్లూ సిటీ బస్సే నడిపారు. బస్టాపు దాటేశాక పరిగెత్తుకొచ్చే ముసలివాళ్ల కోసం బండి ఆపి, పైవాళ్ల చేత చీవాట్లు తిన్న మనిషి. రిటైరయ్యాక భార్య కుట్టు దుకాణంలో గుండీలు కుడుతూ, ఆవిడ చేత చీవాట్లు తింటూ హాయిగా ఉండేవారు. ఆవిడ పనితనానికి పేట పేటంతా దాసోహం.

అలాంటి టైలరమ్మ ఓ రోజు చొక్కాకు రెండు చేతులూ ఒకే వైపు కుట్టేసింది. అందరూ నవ్వారు, ఆవిడా నవ్వింది. కొన్నాళ్లకు మిషనుకు దారం ఎక్కించడం ఎలాగో తెలియక దాని ముందు కూర్చుని ఏడ్చింది. దుకాణం మూసేశారు. ఒక సాయంత్రం ఆయన పాల ప్యాకెట్టుతో ఇంటికి వస్తే, ఆవిడ గుమ్మంలోనే ఆపేసింది.

"మా ఆయన వచ్చే వేళయిందండీ. మీరు బయట కూర్చోండి."

ఆయన కాదనలేదు. మెట్ల మీద కాసేపు కూర్చుని, మళ్లీ తలుపు తట్టారు.

"వచ్చారా? మీకోసం ఎవరో వచ్చారు, చూశారా?" అందావిడ.

"చూశాను. మంచివాడిలాగే ఉన్నాడు" అన్నారాయన.

డాక్టరమ్మ ఉన్నమాట చెప్పింది. "ఇది డిమెన్షియా అండీ. వయసుతో వచ్చే మతిమరుపు కాదు, జబ్బు. పూర్తిగా నయం చేసే మందు లేదు. ఆవిడను మీరు చూసుకోవాలి, మిమ్మల్ని చూసుకోవడానికి ఇంకెవరైనా ఉండాలి."

ఆ చివరి మాట ఆయన చెవికెక్కలేదు. వండడం, స్నానం చేయించడం, చిక్కు తీసి జడ వేయడం, ఆవిడ వీధిలోకి వెళ్లిపోకుండా కనిపెట్టుకుని ఉండడం, అన్నీ ఒంటిచేత్తో లాక్కొచ్చారు. చివరికి కూరగాయల కొట్టు ముందు కళ్లు తిరిగి పడిపోయారు.

కూతురు ఫ్యాక్టరీ నుంచి పరుగున వచ్చింది. "నువ్వు మంచాన పడితే అమ్మనెవరు చూస్తారు నాన్నా? నేను ఉద్యోగం మానేయనా?"

"వద్దమ్మా" అన్నారు గానీ, మరేం చెయ్యాలో ఆయనకూ పాలుపోలేదు.

దారి సెలూన్‌లో దొరికింది. గడ్డం గీయించుకోవడానికి వెళ్తే, సెలూనాయన వాళ్ల నాన్నను ఖాళీ కుర్చీలో కూర్చోబెట్టుకుని పని చేసుకుంటున్నాడు. "ఇంట్లో వదిలితే గ్యాసు తిప్పేస్తాడండీ. ఈ గోడు ఎవరితో చెప్పుకోను?" అన్నాడు గొంతు తగ్గించి.

"నాతో చెప్పు" అన్నారు డ్రైవరుగారు.

ఆరా తీస్తే, పక్క వీధిలో లెక్కల టీచరు తన అక్కగారిని అలాగే చూసుకుంటోందని తెలిసింది. ఆపైన ఇంకో నాలుగిళ్లు బయటపడ్డాయి. అంతా గుట్టుగా నెట్టుకొస్తున్నవాళ్లే.

మూతబడ్డ కుట్టు దుకాణం మళ్లీ తెరిచారు. మధ్యాహ్నాలు ఎవరి వాళ్లను వాళ్లు అక్కడికి తెచ్చేవారు. ఇద్దరు వంతులవారీగా కనిపెట్టుకుని ఉంటే, తక్కినవాళ్లు కాస్త ఊపిరి పీల్చుకునేవారు. కానీ వంతుకొచ్చేవాళ్లూ అలిసిపోయినవాళ్లేగా. ఒకరికి జ్వరమొస్తే మొత్తం తలకిందులయ్యేది. పని తెలిసిన మనుషులు కావాలి, వాళ్లకు జీతాలు కావాలి.

మునిసిపల్ ఆఫీసులో అధికారి డ్రైవరుగారి మాట ఓపిగ్గా విని, దాపరికం లేకుండా చెప్పాడు. "మీరొక్కరే అడిగితే ఇది మీ ఇంటి కష్టమండీ. అందరూ కలిసి అడిగితే ఊరి బడ్జెట్‌లోకి ఎక్కుతుంది."

ఇక డ్రైవరుగారు ఎక్కని గడప లేదు. "మా ఇంట్లో అలాంటివాళ్లెవరూ లేరు" అని తలుపేసుకున్న చోటికే మళ్లీ వెళ్లి, "మా ఇంట్లో ఉన్నారండీ, నా భార్య" అని మొదలుపెట్టేవారు. ఆ మాటకు లోపల గడియ కదిలేది.

వాళ్లంతా కట్టగట్టుకుని కౌన్సిల్‌కు వెళ్లేసరికి, చైర్మనమ్మ తనే వచ్చి చూస్తానంది. దుకాణంలో అడుగుపెట్టగానే టైలరమ్మ ఆవిడ భుజాలు పట్టుకుని, "నిటారుగా కూర్చో, లేకపోతే కొలత తప్పుతుంది" అంది. చైర్మనమ్మ బుద్ధిగా కూర్చుంది. ఆవిడ చూపు మాత్రం మూలనున్న బెంచీ మీద పడింది. తండ్రిని దింపి ఇంటికి వెళ్లాల్సిన సెలూనాయన అక్కడే ఒరిగిపోయి గుర్రు పెడుతున్నాడు.

"లేపమంటారా?" అన్నారు డ్రైవరుగారు మొహమాటంగా.

"వద్దండీ, పడుకోనివ్వండి. ఇలా నిద్రపోయి ఎన్నాళ్లయిందో." సాయంత్రం దాకా ఆవిడ అక్కడే కూర్చుంది.

ఆ ఏడు ఊరి బడ్జెట్‌లో వీళ్ల పేరిట పద్దు పడింది. ఖాళీగా ఉన్న పాత లైబ్రరీ భవనం, శిక్షణ పొందిన ఆయాలు, ఒక వ్యాను, ఇంట్లో మనిషిని చూసుకోవడానికి పని మానుకున్నవాళ్లకు నెలనెలా భత్యం. ఆ చోటికి పగటి ఇల్లు అని పేరు పెట్టింది లెక్కల టీచరు. వ్యాను ఎవరు నడపాలన్న చర్చే రాలేదు.

రోజూ పొద్దున టైలరమ్మ ముందు సీట్లో దర్జాగా కూర్చుంటుంది. "ఈ డ్రైవరు నెమ్మదస్తుడు, కుదుపే తెలీదు" అని వెనకవాళ్లకు చెబుతుంది. ఆయన మీసం సర్దుకుంటారు. అన్నేళ్ల ఉద్యోగంలో దొరకని మెచ్చుకోలు అది.

మొన్న ఊరికి అటు చివర రెండో పగటి ఇల్లు తెరిచారు. డ్రైవరుగారిని మాట్లాడమన్నారు. మైకు ముందు తడబడ్డారు, తేరుకున్నారు. "సాయం అడగడం తప్పు కాదండీ. మా అందరికీ అడిగాకే అందింది" అన్నారు.

గుంపులో ఎవరో కొత్తావిడ కళ్లు తుడుచుకుంటూ, "ఎవరమ్మా ఆయన?" అని పక్కనున్న అమ్మాయిని అడిగింది.

"మా నాన్న" అంది కూతురు, వేదిక దాకా వినబడేలా.