గిటార్ కడుపులో లారీ స్పాంజి

నా గిటార్ లోపల ఒక వైరు ఊడి వేలాడుతోందన్న సంగతి మా పేట మొత్తానికి తెలుసు. నేను పాట ఎత్తుకుంటే చాలు, ఆ వైరు చెక్కకు కొట్టుకుని టకటకమనేది. మామూలుగా వాయిస్తే పక్కనున్నవాళ్ళకే వినపడేది. మైకుసెట్టుకు కలిపితే మాత్రం ఆ టకటక గుణదల కొండ దాకా వెళ్ళేది.

మా పేట చర్చిలో పాటల బృందంతో పెళ్ళికి ముందు నుంచీ గిటార్ వాయిస్తున్నాను. పోయిన క్రిస్మస్‌కి ఆ వైరు పుణ్యమా అని జనం నవ్వారు. పాటలు నేర్పే మాస్టారు నన్ను పక్కకు పిలిచి, "రేపు మన చర్చి పండగ పూజలో గనక ఇట్టా గోల చేసిందంటే, ఇక మనకు కీబోర్డు చాలమ్మా" అన్నారు. కీబోర్డు! ఒక మీట నొక్కితే అదే తాళం వేస్తుంది, ఇంకో మీట నొక్కితే అదే వయొలిన్ వాయిస్తుంది. దాని ముందు కూర్చున్న పెద్దమనిషి చేసే పనల్లా జుట్టు సర్దుకోవడం. ఆయన్ను ఉంచి నన్ను పొమ్మంటారా! ఒళ్ళు మండిపోయింది.

అసలు సంగతి చాలా చిన్నది. తీగలు ఆనే ముక్క కింద, మోతను పట్టి మైకుసెట్టుకు పంపే పికప్ అని సన్నటి పట్టీ ఉంటుంది. దాని నుంచి ఒక వైరు గిటార్ లోపలగా వెళ్ళి, అడుగునున్న సాకెట్‌కు కలుస్తుంది. ఆ వైరును దారిలో అక్కడక్కడా చెక్కకు అంటించాలి. బిగించినవాడు అంటించలేదు. టీకి టైమయిందేమో మహానుభావుడికి.

సరిగ్గా అప్పుడే దిగబడ్డారు మా అక్క మొగుడు. బావగారికి ఆటోనగర్‌లో లారీ సీట్లు కుట్టే షాపుంది. లోకంలో ఆయనకు తెలియని విద్య లేదు, అడక్కుండా సలహా చెప్పని రోజూ లేదు.

"ఏం మరదలు పిల్లా, నీ గిటార్‌కి దగ్గు పట్టుకుందంటగా?" అంటూ, నేను వద్దనేలోపే పట్టుకుపోయారు. సాయంత్రానికి తెచ్చి ఒళ్ళో పెట్టారు. "క్యాబిన్‌లో ఏదన్నా గడగడమంటే మేమేం చేస్తాం? స్పాంజి కుక్కుతాం. ఇప్పుడు ఊపి చూడు, కిక్కురుమంటే నన్నడుగు!"

నిజమే, కిక్కురుమనలేదు. పాట కూడా కిక్కురుమనలేదు. మీటితే పరుపు మీద కొట్టినట్టు దబ్బుమంది. డ్రైవర్ల కింద వేసే స్పాంజిని ముక్కలు కోసి, గుత్తివంకాయలో కారం కూరినట్టు రంధ్రంలోంచి నిండా కూరి తెచ్చారాయన.

"బావగారూ, గిటార్ మోగేదే లోపలున్న ఖాళీ వల్లండీ."

"మరి ఖాళీ ఉంటే గోల చెయ్యదా?" అని మా అక్క వైపు తిరిగారు. మా అక్క కూడా అవునని తలూపింది, మహాతల్లి. ఇంకేం చెప్తాం!

మర్నాడు ఇంట్లో అందరూ బయటికెళ్ళాక తలుపేసుకుని పనిలో దిగాను. తీగలు విప్పి స్పాంజి పీకడం మొదలెట్టాను. ఎంత పీకినా ఇంకా వస్తూనే ఉంది, తిట్టుకుంటూ పీకాను. లోపల చెయ్యి పెడితే కంటికి ఏమీ కనపడదు. పౌడరు డబ్బా అద్దం దూర్చి, ఫోను లైటు వేసి చూస్తే అంతా తిరగబడి కనపడింది. అద్దాన్ని అవతల పారేసి వేళ్ళతోనే తడుముకున్నాను. మోగే పైచెక్క జోలికి పోకుండా, వైరును అంచు వెంబడి పోనిచ్చి, కార్లలో వాడే జిగురు క్లిప్పులతో పట్టి ఉంచాను. ఆ క్లిప్పులూ ఆటోనగర్‌వే, బావగారితో మాత్రం అనకండి. మిగిలిన వైరును చుట్టి మెత్తటి గుడ్డతో కట్టాను. తీగలు బిగించి మీటితే ఇల్లంతా మోగింది. ఒక్క టక్కు లేదు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

పండగ పూజలో ప్రాణం పెట్టి వాయించాను. స్పీకర్లు జనం వైపు తిరిగి ఉంటాయి కాబట్టి, వెనకున్న మాకు చేతిలోది తప్ప ఏమీ వినపడదు. పూజ కాగానే మాస్టారు అందరి ముందూ, "ఇదమ్మా గిటారంటే! ఎంత క్లీన్‌గా ఉంది! ఒక్క చప్పుడు లేదు" అన్నారు. బావగారు కనపడినవాళ్ళందరికీ స్పాంజి మహిమ చెప్పుకుంటున్నారు. నేనూ పొంగిపోయాను, పిచ్చిమొహాన్ని.

గిటార్‌ను మైకుసెట్టుకు కలిపే కేబుల్ చుడదామని వంగితే దాని రెండో కొస కుర్చీ కింద పడి ఉంది. దేనికీ కలపలేదు. మైకుసెట్టు అతన్ని పిలిచి అడిగాను.

"గోల చేస్తదని మాస్టారే వద్దన్నారండి. అందుకే లైనివ్వలేదండి" అన్నాడు, నాకేదో మేలు చేసినట్టు.

అంటే ఇంతసేపూ వీళ్ళు మెచ్చుకున్నది వినపడని గిటార్‌ని! ఛీ, చెవులున్నాయా వీళ్ళకి! చెవుల సంగతి సరే, వద్దని చెప్పిన మనిషే వచ్చి మెచ్చుకున్నాడే, ఆయనకు సిగ్గన్నా ఉండొద్దూ?

కేబుల్ నేనే తీసుకెళ్ళి మైకుసెట్టు పెట్టెకు గుచ్చాను. "ఇప్పుడివ్వండి లైను" అన్నాను. అతను నా మొహం చూసి వెంటనే ఇచ్చాడు. కానుకల పాట మొదటి నుంచీ ఎత్తుకున్నాను. పేటంతా మోగింది. షామియానా కింద పులిహోర తింటున్నవాళ్ళు తలలు తిప్పారు. కీబోర్డు పెద్దమనిషి చెయ్యి జుట్టులోనే ఆగిపోయింది. మాస్టారు ప్లేటుతో సహా పరుగెత్తుకొచ్చారు.

"అరె, గోలేం లేదే అమ్మా!"

"లేదని ఇందాక మీరే చెప్పారుగా మాస్టారూ" అన్నాను, వాయించడం ఆపకుండా.