తెగినచోటు వెతికిన రత్నరాజు గారు

రత్నరాజు గారు ఇక లేరన్న దుర్వార్త నాకు ఆయన ఫోన్ ద్వారానే తెలిసింది. నెలనెలా వచ్చే మనిషి మొన్న శనివారం రాకపోయేసరికి ఫోన్ చేశాను. ఎవరో స్త్రీ పలికింది.

"అన్నయ్య ప్రభువు దగ్గరికి వెళ్లిపోయాడండీ. నాలుగు రోజులైంది. గుండెనొప్పి. మీరెవరండీ?"

ఏమని చెప్పను? బంధువును కాను. స్నేహితురాలినని చెప్పుకునే చనువూ లేదు. "పటమట నుంచండీ... ప్రింటర్..." అన్నాను. ఆయన గది ఎక్కడో అడిగి రాసుకున్నాను.

ఇళ్లకు వచ్చి ప్రింటర్లను వైఫైకి కలపడం ఆయన వృత్తి. ఆటోనగర్‌లో ఒక గదిలో నివాసం. పాత స్కూటరు, భుజాన సంచి, మితభాషణం. ఏ యంత్రాన్నీ నిందించి ఎరుగరు. "చెడిపోయిందనకండి మేడమ్. ఎక్కడో మాట తెగింది, అంతే. ఎక్కడ తెగిందో చూద్దాం," అనేవారు.

మావారు కాలం చేసిన ఏడాదే ఇంట్లో రౌటర్ కాలిపోయింది. కొత్తది పెట్టాక ప్రింటర్ పలకడం మానేసింది. కళాశాలలో తెలుగు చెప్పి పదవీ విరమణ చేసిన నాకు ఆ విద్య తెలియదు. రత్నరాజు గారు వచ్చి చూసి, "ఇది ఇంకా పాత వైఫై పేరే వెతుక్కుంటోందండీ. కొత్త పేరు ఎక్కిస్తే సరిపోద్ది," అన్నారు. ఆ పాత పేరు మావారిది. నా ముఖం చూసి ఆగిపోయారు.

"పోనీ, కొత్త రౌటర్‌కే పాత పేరూ, పాత పాస్‌వర్డూ పెట్టేద్దామండీ. అన్నీ వాటంతటవే కలుస్తాయి."

"ఆ పాస్‌వర్డ్ నాకు తెలియదండీ."

"మీ ల్యాప్‌టాప్‌లో ఉంటదండీ. ఇదిగో, ఇక్కడ నొక్కండి, కనపడద్ది," అని తెర నావైపు తిప్పి, తాను కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు. అది మావారు నన్ను పిలిచే ముద్దుపేరు. దాన్ని నా వేళ్లతోనే రౌటర్‌లో ఎక్కించి, కళ్లు తుడుచుకునేంతవరకూ ఆ సంస్కారవంతుడు ఇటు తిరగలేదు.

ఇంకొకటి ఎవరికీ చెప్పలేదు. వాన విడవని ఒక వారంలో, పలకరించే మనిషి లేక, ప్రింటర్ మీది వైఫై మీట నేనే ఆపేసి ఆయనకు కబురు చేశాను. తడుస్తూ వచ్చారు. మీట మీద ఆయన వేలు ఒక్క క్షణం ఆగింది. గ్రహించారని తెలిసి తలదించుకున్నాను.

"అప్పుడప్పుడు ఇలా అవుతుంటదండీ," అన్నారు మృదువుగా. "కాస్త టీ ఇస్తారా?"

అరగంట కూర్చున్నారు. వెళ్తూ, "నెలకోసారి వచ్చి చూసి వెళ్తాలెండి, మొదటి శనివారం," అన్నారు.

మూడేళ్లు ఆ మాట తప్పలేదు. ప్రింటర్ మళ్లీ ఏనాడూ మొరాయించలేదు. అయినా ఒక కాగితం ప్రింట్ తీసి చూసి, టీ తాగుతూ నా మాటలన్నీ వినేవారు.

నిన్న ఆటోనగర్ వెళ్లాను. ఫోన్‌లో పలికిన ఆయన చెల్లెలు సుగుణమ్మ గారు గది సర్దుతున్నారు. ఒక మంచం, ఒకే కుర్చీ. ఆయన భార్య పోయి పదిహేనేళ్లట. పిల్లలు లేరట. నాకేమీ తెలియదు.

"పటమట మేడమ్ గారంటే మీరేనాండీ?" అన్నారామె. "మొదటి శనివారం భోజనానికి రమ్మంటే వచ్చేవాడు కాదండీ. 'ఆ రోజు నాకోసం టీ పెట్టి ఎదురుచూసే ఇల్లొకటుంది చెల్లీ' అనేవాడు."

ఇన్నాళ్లూ నా ఏకాకితనాన్ని కరుణించి వస్తున్నారనుకున్నాను. ఆయనకూ అలాంటిదొకటి ఉంటుందని స్ఫురించనే లేదు. మూడేళ్లలో "మీ ఇంట్లో ఎవరెవరుంటారండీ?" అని నేను ఒక్కనాడూ అడగలేదు.

సాంకేతిక నిపుణులు ఈ నగరంలో ఎందరైనా దొరుకుతారు. నా అబద్ధాన్ని అంత మర్యాదగా కాపాడిన సహృదయుడు మరి దొరకడు. సుగుణమ్మ గారు నన్ను సమాధి దగ్గరికి తీసుకెళ్లారు. పూలు ఉంచి, చేతులు జోడించి, ఆలస్యంగానైనా అడిగాను: "మీరెలా ఉన్నారండీ, రత్నరాజు గారూ?"