అంతరాయం అక్క

మా స్టేషన్లో ఆవిణ్ణి పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. గేటు దగ్గర వాచ్‌మన్ నుంచి డైరెక్టర్ గారి దాకా అందరికీ ఆవిడ అంతరాయం అక్కే. ఆ పేరు తగిలించింది ఊళ్లో పిల్లలు. ఇరవై ఆరేళ్లు అక్కడ మైకులు, సౌండు చూసుకున్నవాణ్ణి కాబట్టి అదంతా నా కళ్ల ముందే జరిగింది.

టీవీ స్టేషన్ అంటే ఇప్పుడు అద్దాల మేడ గుర్తొస్తుంది. మాది అంతకుముందు నూలు గోడౌన్. గోడలకి గోనెపట్టాలు కొట్టి, వాటి మీద నల్లగుడ్డ కప్పి, దానికి స్టూడియో అని పేరు పెట్టుకున్నాం. సాయంత్రం ఆరింటికి మొదలైతే ఎనిమిదిన్నరకల్లా దుకాణం కట్టేసేవాళ్లం. వార్తలు, వాతావరణం, ఒక పాట, పొలం పనుల కబుర్లు, వారానికోసారి నాటిక, అంతే. తెర మీద కనిపించే ప్రతి అక్షరం చేత్తో రాయాల్సిందే. నల్లటి అట్ట మీద తెల్లరంగుతో రాసి స్టాండుకి ఆనిస్తే, కెమెరా దాన్ని చూపించేది. ఆ అట్టలు రాసే మనిషి కావాలని ప్రకటన ఇస్తే తొమ్మిదిమంది వచ్చారు.

మా డైరెక్టర్ గారు నిమిషానికోసారి చేతివాచీ చూసుకునే మనిషి. అందుకే ఆయన వెనకాల అందరం గడియారం సార్ అనేవాళ్లం. తొమ్మిదిమందికీ తలా ఒక అట్ట, బ్రష్షు ఇచ్చి, "వాతావరణం అని రాయండి. రెండు నిమిషాలు" అన్నారు. ఎనిమిదిమంది తల వంచి రాయడం మొదలుపెట్టారు. చివర నిలబడ్డ అమ్మాయి మాత్రం బ్రష్షు పట్టుకుని ఆయన్నే చూస్తోంది.

"ఏమ్మా, రాయవేం?"

"దీన్ని ఎంత దూరం నుంచి చదవాలండీ?"

"అంటే?"

"మా నాన్నతో కలిసి షాపుల బోర్డులు రాసేదాన్నండీ. రోడ్డవతల నుంచి చదివే అక్షరానికి ఒక లావు, గుమ్మంలో నిలబడి చదివేదానికి ఒక లావు. మీ టీవీని జనం ఎక్కడ కూర్చుని చూస్తారు?"

సార్ బదులు చెప్పేలోపు మా కెమెరామన్ పెద్దాయన అందుకున్నాడు. "చాలామంది పక్కింటి కిటికీలోంచి చూస్తారమ్మా."

"అయితే లావుగా రాయాలి" అని ఆమె అప్పుడు రాయడానికి వంగింది. ఉద్యోగం ఆమెకే వచ్చింది.

ఆ రోజుల్లో మా ప్రసారం నాలుగడుగులేస్తే రెండుసార్లు తడబడేది. ఫిల్ము తెగేది, కరెంటు పోయేది, ఒకసారి వాతావరణం చదువుతుండగా కప్పు కారి వానే లోపలికి వచ్చింది. అలాంటప్పుడల్లా "అంతరాయానికి చింతిస్తున్నాం" అన్న అట్ట పెట్టేవాళ్లం. అక్క ఆ అట్ట మీద చివరి సున్నాపై ఒక చిన్న పిట్టని కూర్చోబెట్టింది.

సార్ పట్టేశారు. "ఈ పిట్ట ఎందుకమ్మా?"

"ఎదురుచూసే జనానికి చూడ్డానికి ఏదో ఒకటి ఉండాలి కదండీ."

సార్ వాచీ చూసుకుని ఊరుకున్నారు. ఆ ధైర్యంతో అక్క అలాంటివి ఇంకో ఆరు అట్టలు రాసింది. ఒకదాంట్లో పిట్ట నిద్రపోతూ ఉంటుంది, ఒకదాంట్లో అక్షరం వెనక దాక్కుని తోక మాత్రం కనిపిస్తుంది. పిల్లలు ఈసారి పిట్ట ఎక్కడుంటుందా అని పందేలు వేసుకునేవాళ్లు. ప్రసారం సాఫీగా సాగిన రోజు వాళ్ల మొహాలు వేలాడిపోయేవి.

పిల్లల కన్నా ఎక్కువ సంబరపడింది అక్క అత్తగారు. ఆవిడ చదువు అంతంతమాత్రం, నోరు మాత్రం పెద్దది. సాయంత్రం కాగానే ఇరుగుపొరుగుని పిలిచి కూర్చోబెట్టేది. నాటిక రక్తికడుతుంటే ఆవిడకి చిరాకు, ఆగిపోతే ఆనందం. "అదుగో, మా కోడలి ప్రోగ్రాం" అని చప్పట్లు కొట్టేది. మర్నాడు కూరల బండి దగ్గర, "నిన్న మా అమ్మాయి మూడుసార్లొచ్చింది, చూశావా?" అని అడిగేది. ఈ మాటలు చెప్పి అక్క మమ్మల్ని కడుపుబ్బా నవ్వించేది.

అక్క జీవితం మలుపు తిరిగింది ఒక బుధవారం సాయంత్రం. ఆరున్నరకి సముద్రపు చేపల మీద పిల్లల సినిమా వెయ్యాలి. పెట్టె రైల్లో వచ్చింది. అంతా సిద్ధం చేసుకుని మూత తీస్తే లోపల ఖాళీ చక్రం తప్ప ఫిల్ము లేదు. ఇరవై రెండు నిమిషాల కార్యక్రమం. వార్తల ఆయన ఏడింటికి గాని రాడు. అంతరాయం అట్ట పెట్టి అందరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

"ఇరవై రెండు నిమిషాలు పిట్టని చూపిస్తే రేపు నన్ను ఇంటికి పంపిస్తారు" అన్నారు సార్, చెమటలు తుడుచుకుంటూ.

అక్క మూలన టేబుల్ ఫ్యాను ముందు తడి అట్ట ఆరబెడుతోంది. తల తిప్పకుండానే అంది, "నా బల్ల మీదికి కెమెరా తిప్పండి సార్. నేను రాస్తూ ఉంటాను, వాళ్లు చూస్తూ ఉంటారు."

ఇంకో దారి లేదు. పెద్దాయన కెమెరాని బల్లకేసి వంచాడు. నేను ఆవిడ కొంగుకి మైకు తగిలించాను.

"దీన్లో నా గుండె చప్పుడు కూడా వినిపిస్తుందా?" అని గుసగుసగా అడిగింది.

"వినిపిస్తుందక్కా. అది వినపడకుండా మీరు మాట్లాడుతూ ఉండండి."

ఎర్ర దీపం వెలిగింది. సార్ కళ్లు మూసుకున్నారు. అప్పుడు అక్క నోట్లోంచి అలవాటైన పిలుపే వచ్చింది.

"అత్తయ్యా, ఇటు చూడండి. ఇది ఠ. పాపం దీన్ని ఎవరూ పిలవరు. ఎప్పుడో ఠీవి అనాల్సి వస్తే తప్ప దీంతో మనకి పనే పడదు. కానీ దీని మొహం సరిగ్గా చూశారా? మధ్యలో కనుపాప, పైన కనుబొమ్మ." రెండో ఠ రాసింది, కింద ముక్కూ మీసమూ గీసింది. గడియారం సార్ అచ్చం తెర మీదికి దిగిపోయారు. పెద్దాయన నవ్వాపుకుంటుంటే కెమెరా కదిలింది. తర్వాత గ కింద పిడి గీస్తే గొడుగైంది. ర కి ఒక పక్క కొమ్ము, ఇంకో పక్క చెవి పెడితే టీ కెటిలైంది. ఆవిడ గొంతులో వణుకు ఎప్పుడు పోయిందో మాకే తెలీలేదు. ఇరవై రెండు నిమిషాలు ఇట్టే గడిచిపోయాయి. ఇక చాలని సార్ చెయ్యి ఊపితే, "ఇంకొక్కటి సార్" అంది మైకులోనే.

ఆ సాయంత్రం ఆవిడ ఇంటికి వెళ్లేసరికి అత్తగారు గుమ్మంలో కాచుకుని ఉందట. "నువ్వు అడిగినదానికల్లా నేను ఇక్కణ్ణుంచి జవాబు చెప్తూనే ఉన్నాను. వినిపించుకోకుండా ముందుకెళ్లిపోయావు" అని అలిగిందట. కాసేపటికి తనే వచ్చి, "ల తో ఏం చేస్తావు?" అని అడిగిందట.

వారం తిరక్కుండా ఉత్తరాలు సంచుల్లో వచ్చిపడ్డాయి. ఒక పిల్ల ల ని బాతుగా మార్చి పంపింది. ఒక తాతగారు తన సంతకాన్ని పడవ చేసి పంపాడు. సార్ ఆ సంచుల మధ్య కూర్చుని, ప్రతి గురువారం పావుగంట అక్కకి రాసిచ్చేశారు. ఆ కార్యక్రమం పదకొండేళ్లు నడిచింది. దానికి ఎంతమంది పేర్లు సూచించినా, చివరికి పిల్లలు పిలిచిన పేరే నిలిచింది: అంతరాయం అక్క.

ఆ తర్వాత టైటిళ్లు వేసే కంప్యూటర్ వచ్చింది. ఇక అట్టలెందుకు అన్నారు. అక్క రెండ్రోజులు బ్రష్షులు కడుగుతూనే గడిపింది. నేను పలకరిస్తే, "ఏం లేదురా, మిషన్ రాస్తే రాయనీ. కానీ ఆ అక్షరాలు చూశావా, పస్తులున్నట్టున్నాయి" అంది. నిజమే. తెర మీద వార్తలు చదువుతుంటే కళ్లు లాగేవి. ఆ మాటే కొత్తగా వచ్చిన ఇంజినీరు చెవిన పడింది. కుర్రది, కానీ మనిషి విలువ తెలిసిన పిల్ల. గళ్ల కాగితాల కట్ట తెచ్చి అక్క ముందు పెట్టింది.

"మిషన్‌కి రాయడం రాదండీ. మీరు నేర్పాలి."

తొమ్మిది నెలలు ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. ఒత్తులూ గుణింతాలూ అన్నీ అక్క గళ్లలో గీసేది, ఆ పిల్ల మిషన్‌కి ఎక్కించేది. క్ష దగ్గర ఇద్దరికీ మూడు రోజులు మాటల్లేవు. నాలుగో రోజు అక్క చెప్పిన వంపే మిగిలింది. ఆ అక్షరాలతో మొదటి వార్తలు వెళ్లిన సాయంత్రం పెద్దాయన స్టూడియో అందరికీ టీ పోయించాడు. ఆ అక్షరాలని అడిగినవాళ్లందరికీ ఉచితంగా ఇచ్చేయమని సార్ ఆర్డరు రాశారు. బడి పుస్తకాల్లోకి, ఆస్పత్రి బోర్డుల్లోకి, బస్సుల నుదుటి మీదికి అవి వెళ్లిపోయాయి.

అక్కకి ఇప్పుడు అరవై ఏడు. కిందటి నెల ఇద్దరం ఒకే బస్సెక్కాం. ఎక్కేముందు ఆవిడ బస్సు ముందుకెళ్లి, బోర్డు చదివి, కండక్టర్ని పిలిచింది.

"బాబూ, ఇక్కడ దీర్ఘం ఎగిరిపోయింది."

"నేను రాయలేదమ్మా, ఎవరు రాశారో."

"అక్షరం నాదేలే. తప్పు మాత్రం మీది. దిద్దించు."

అతను బుర్ర గోక్కుంటూ సరేనన్నాడు. అక్క కిటికీ పక్కన సీటు చూసుకుని కూర్చుని, దారి పొడుగునా వచ్చే బోర్డులన్నీ నాకు చదివి వినిపించింది.