తాళంచెవి అడిగినందుకు

చెన్నైలో మా తొండియార్‌పేట వీధిలో భువనేశ్వరి మొదటి దెబ్బ కొట్టింది ఎనిమిదో తరగతిలో. నా జడ పట్టుకుని లాగినవాడి ముక్కు పగిలింది. తగువంటే ముందుండే ఈ మనిషి పెద్దయ్యాక, ఎవరికీ హాని చెయ్యని పెట్టుబడులు పెట్టిస్తానంటూ కంపెనీ తెరుస్తుందని ఎవరమనుకున్నాం?

షోళింగనల్లూరులో పదిహేనేళ్లు పరాయి కంపెనీలకు చాకిరీ చేసి విసిగి, సొంతంగా ఆ కంపెనీ పెట్టింది. విదేశాల్లో మనసున్న డబ్బుగలవాళ్లు కొందరుంటారట. వాళ్ల సొమ్ము తెచ్చి, బ్యాంకులు గడప తొక్కనివ్వని వాళ్ల పనుల్లో పెట్టిస్తుంది. ఏటా ఒక పత్రం నింపి వాళ్లకు పంపాలి. అందులో మొదటి ప్రశ్న: మా డబ్బు వల్ల ఎవరికైనా హాని జరిగిందా? పదకొండేళ్లుగా 'లేదు' అనే రాసింది.

ఎన్నూరులో జాలర్ల సంఘానికి ఐసు ఫ్యాక్టరీ పెట్టించింది. సంఘం పెద్ద గోవిందసామి ఒక్కటే అడిగాడు, తాళంచెవి ఒకటి మా దగ్గరా ఉండనీ అని. పెట్టుబడి పెట్టినవాళ్లు ఒప్పుకోరంది ఈ మహాతల్లి. తాళంచెవులన్నీ తన ఇంజనీరు సాయి తేజకిచ్చింది. అతను కరీంనగర్ నుంచి వచ్చి మూడు నెలలు, తమిళం ముక్క రాదు. "ఇంగ్లీషు చాల్దా ఏంది?" అంది. నాకు అప్పుడే ఒళ్లు మండింది.

అంతవరకు ఐసును రెట్టింపు ధరకు అమ్ముకున్న దళారీలు పోయిన ఆగస్టులో పట్టపగలు రౌడీలను లారీలో దింపారు. ఆ రోజు భువనేశ్వరితో పాటు నేనూ అక్కడే ఉన్నాను. ఇనప రాడ్లు, ఇటుకలు. కాపలావాడి దవడ మొదటి దెబ్బకే విరిగింది. గేటు దగ్గర అడ్డం నిలబడ్డ భువనేశ్వరి కుడి చెయ్యి విరగ్గొట్టారు. ఇద్దరు ఆడవాళ్లను జుట్టు పట్టుకుని చేపల బురదలో ఈడ్చారు. సాయి తేజ భయంతో యంత్రాల గదికి తాళం వేసి, ఆఫీసు గదిలో దూరాడు. యంత్రాల దగ్గర పనిచేసే వాసంతి లోపలే ఉందని చూసుకోలేదు. కిటికీలోంచి పడ్డ ఇటుకకు లోపల అమ్మోనియా గొట్టం పగిలి, గది విషవాయువుతో నిండింది.

వాసంతి కేకలు విని గోవిందసామి తాళంచెవి కోసం ఆఫీసు గదికి పరుగెత్తాడు. ఒక రౌడీ దగ్గర లాక్కున్న రాడ్డు ఇంకా చేతిలోనే ఉంది. వెనక ఇద్దరు సంఘం మనుషులు.

"సావి కుడు! సావి కుడు!" అని అరిచాడు.

సాయి తేజకు తన ఊరి మాట వినిపించింది: సావగొట్టు. గోడకు ఆనించిన ఐసు కొక్కెం అందుకుని రెండు చేతులా విసిరాడు. అది గోవిందసామి ఎడమ కంట్లో దిగింది.

మేము వెళ్లేసరికి గడప నిండా రక్తం. "మేడమ్, నన్ను సావగొట్టుమంటున్నడు!" అని ఏడుస్తున్నాడు సాయి తేజ.

"సావి కుడు అంటే తాళంచెవి ఇమ్మనిరా పాపిష్టోడా! ఆడ వాసంతి చస్తా ఉండాది!"

భువనేశ్వరి ఎడమ చేత్తో అతని చెంప పగలగొట్టి, తాళంచెవి లాక్కుంది. ముఖాలకు తడిగుడ్డలు కట్టుకుని వాసంతిని ఈడ్చుకొచ్చాం. ప్రాణం దక్కింది, గొంతు పోయింది. ఆ గొడవ చూసి రౌడీలు లారీ ఎక్కేశారు. చూసిన ఆ ఇద్దరూ బయటపెట్టకపోవడంతో, కన్ను తీసింది కూడా రౌడీలేనని ఊరంతా అనుకుంది.

ఏటా పంపే పత్రంలో అసలు సంగతి రాస్తే ఫ్యాక్టరీకి రావాల్సిన రెండో విడత డబ్బు ఆగిపోతుంది. ఆసుపత్రి మంచం మీద గోవిందసామే "విట్టుడుమ్మా" అన్నాడు, వదిలెయ్యమ్మా అని. కన్నెలాగూ పోయింది, ఐసన్నా మిగలనీ అని. నేనూ అదే అన్నాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

భువనేశ్వరి సాయి తేజను తనే పోలీసు స్టేషనుకు తీసుకెళ్లింది. తర్వాత ఆ పత్రం మీద ఎడమ చేత్తో వంకరటింకరగా రాసింది: 'జరిగింది. కొట్టింది మా మనిషి. తాళంచెవి ఇవ్వనన్నది నేను.'

డబ్బు ఆగిపోయింది. పాత గొట్టాలే అతికించుకుని, సగం యంత్రాలతో ఫ్యాక్టరీ తెరిచారు. ఆ ఉదయం బెయిలు మీద ఉన్న సాయి తేజ గేటు బయట తల వంచుకుని నిలబడ్డాడు. గోవిందసామి కంటికి కట్టుతో వచ్చి చెయ్యి చాపాడు.

"సావి కుడు తంబీ."

సాయి తేజ తలెత్తాడు. భువనేశ్వరి అప్పగించమని ఇచ్చిన తాళంచెవుల గుత్తి మొత్తం జేబులోంచి తీసి ఆ చేతిలో పెట్టాడు.