మెట్ల మలుపులో నోటీసు బోర్డు

లెక్కల మేడమ్ పై అంతస్తు క్లాసుకి వెళ్తూ రోజూ మెట్ల మలుపులో ఆగి, ఊపిరి కుదుటపడేదాకా నోటీసు బోర్డు చదువుతుంది. చంకలో పరీక్ష పేపర్ల కట్ట, వేళ్ల నిండా సుద్దపొడి. గుండెకి విశ్రాంతి కావాలని డాక్టరు ఎప్పుడో చెప్పాడు. సెలవు పెడితే తన పీరియడ్లు తోటివాళ్ల నెత్తిన పడతాయని ఆవిడ ఎవరి దగ్గరా నోరు మెదపలేదు.

ఇవాళ రంగులు వేయడానికి బోర్డు తీసేశారు. అలవాటు కొద్దీ ఆగి, ఖాళీ గోడనే చూస్తూ నిలబడింది. పిల్లల్ని పరుగులు పెట్టించే డ్రిల్లు మాస్టారు వెనకాలే ఎక్కివచ్చి పక్కన ఆగాడు. దొరికిపోయాననుకుంది.

"ఏం రాశారు మేడమ్?" అన్నాడు రొప్పుతూ.

"పాతవే మాస్టారూ."

"నిదానంగా చదవండి. నాకూ కాస్త టైం పడుతుంది" అంటూ ఆయన గోడకి చెయ్యి ఆనించాడు.