కోటవాళ్ళతో కొన్నేళ్ళు

మా తమ్ముడికి పుణెలో ఉద్యోగం వచ్చినప్పుడు తన కంప్యూటర్‌ను మా ఇంట్లో వదిలి వెళ్ళాడు. 2009 చివరి మాట అది. అప్పుడు మేము చిక్కడపల్లిలో, లైబ్రరీ వెనక సందులో, రెండు గదుల పోర్షన్‌లో కిరాయికి ఉండేవాళ్ళం. "అక్కా, ఊకె మూలకు పెట్టకు. వారానికొక్కసారన్న ఆన్ చెయ్యి, లేకుంటే ఖరాబైతది" అని చెప్పి రైలెక్కాడు. అట్లా ఆన్ చేస్తూ చేస్తూ, అందులో వాడు వదిలేసిన ఒక ఆట నాకు అలవాటైంది.

నేనప్పుడు నారాయణగూడలో ఒక డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ అసిస్టెంట్‌ని. రోజంతా కంప్యూటర్ల మధ్య ఉండి, ఇంటికొచ్చి మళ్ళీ దాని ముందే కూర్చుంటానంటే మా ఆయనకు వింతగా ఉండేది. నిజానికి కాలేజీలో నేను వాటి మధ్య ఉండేదాన్ని, అంతే. వాటిని ముట్టింది తక్కువ.

ఆట ఇలా ఉండేది. పెద్ద యుద్ధంలో లోకమంతా కాలిపోయి చాలా ఏళ్ళయింది. మిగిలినవాళ్ళు కూలిన ఊళ్ళ మధ్య, విషం కలిసిన నీళ్ళు తాగుతూ, రేకుల కింద బతుకుతుంటారు. వాళ్ళలో ఒకరిగా మనం తిరగాలి. ఆ లోకంలో ఒక సైనిక దళం ఉంది. ఒంటినిండా ఇనుప కవచాలు తొడుక్కుని, కోటలాంటి పాత కట్టడంలో ఉంటారు. వాళ్ళకేదో పొడుగాటి ఇంగ్లీషు పేరుంది గానీ నేను కోటవాళ్ళు అనుకునేదాన్ని. యుద్ధానికి ముందటి యంత్రాలు ఎక్కడ దొరికినా, తుపాకీ కానీ, రేడియో కానీ, ఆపరేషన్ గదిలోని దీపం కానీ, తెచ్చి కోటలో దాచడం వాళ్ళ పని. మనుషుల చేతిలో యంత్రాలు ఉండబట్టే లోకం తగలబడిందని, మళ్ళీ వాళ్ళ చేతికి వాటిని చిక్కనివ్వకూడదని వాళ్ళ ప్రమాణం.

మొదట్లో నాకు కోటవాళ్ళు బాగా నచ్చారు. అంత దుమ్ములో వాళ్ళ గదులొక్కటే శుభ్రంగా ఉండేవి. ఎవరి పని ఏమిటో వాళ్ళకు తెలుసు. చెడిపోయినదాన్ని బాగుచేయడం వచ్చింది వాళ్ళకే. కాళ్ళు పీకుతుండగా ఇంటికొచ్చి, కుక్కర్ పెట్టి, అది కూత వేసేలోపు కాసేపు వాళ్ళ మధ్య తిరిగితే నాకు ప్రాణం కుదుటపడేది. చిన్న చిన్న పనులు చేసిపెట్టి ఆ దళంలో చేరాను కూడా. మా ఆయన దగ్గర్లోనే ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాడు. వచ్చీ రాగానే "ఏంది, ఇంక గా కాలిపోయిన ఊర్లనే ఉన్నవా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా చొక్కా విప్పి ఫ్యాన్ కింద పడుకునేవాడు.

మా ల్యాబ్ ఇన్‌చార్జి సార్ సైన్యంలో వైర్‌లెస్ సామాన్ల స్టోర్ చూసి రిటైరై వచ్చిన మనిషి. ల్యాబ్‌లోకి వచ్చేవాళ్ళు చెప్పులు బయట విప్పాలి. ప్రతి కంప్యూటర్‌కూ నీలం గుడ్డ ముసుగు ఉండేది. సుల్తాన్ బజార్‌లో తానే బట్ట ఎంచి కుట్టించుకొచ్చాడు. పిల్లలు రాకముందే కొన్నిటికి ముసుగు తీసి, తనే ఆన్ చేసి ఉంచేవాడు. ఒక్కోదాని ముందు ముగ్గురేసి కూర్చునేవాళ్ళు. సగం కంప్యూటర్లకు ఏడాది పొడుగునా ముసుగు తీసేవాళ్ళమే కాదు. ఎందుకు సార్ అంటే, "అన్ని ఒక్కసారి అరిగిపోతే రేపెట్లమ్మా?" అనేవాడు. కోపిష్టి కాదు. పిల్లల మీద ఎన్నడూ గొంతు పెంచలేదు. మధ్యాహ్నం తన డబ్బాలోంచి చింతకాయ తొక్కు నాకు తీసిపెట్టందే తినేవాడు కాదు.

ఆ ఏళ్ళలో బంద్‌లు ఎక్కువ. కాలేజీ ఏ రోజు తెరుస్తారో, ఏ రోజు మధ్యలోనే పంపించేస్తారో తెలిసేది కాదు. ఉన్న కొద్ది రోజులూ పాఠాలకే చాలేవి కావు. అన్నిటికంటే ముందు ల్యాబ్ గంటలే ఎగిరిపోయేవి. ఆ తీరుగానే ప్రాక్టికల్ పరీక్షలు వచ్చిపడ్డాయి.

పరీక్షలో ఒక రెండో సంవత్సరం అమ్మాయి పేపర్ మీద ప్రోగ్రామ్ ఒక్క తప్పు లేకుండా రాసి, కంప్యూటర్ ముందు కూర్చుంది. తెర కింది బటన్ నొక్కి, చేతులు ఒళ్ళో పెట్టుకుని ఎదురుచూసింది. కింద ఉన్న డబ్బా బటన్ కూడా నొక్కాలని ఆమెకు తెలియదు. ఎప్పుడూ సార్ ఆన్ చేసి ఉంచినదాని ముందు, అదీ ఇద్దరి వెనక కూర్చున్న పిల్ల. నేను గోడ పక్కన నిలబడి చూస్తున్నాను, నోరు తెరవకూడదు. చివరికి బయటి నుంచి వచ్చిన ఎగ్జామినరే, "ఏమ్మా, ఆన్ చేసుకోలేదా?" అన్నాడు. పక్కనున్న పిల్ల కాలితో బటన్ చూపించింది. అప్పటికే ఆ అమ్మాయి ముఖం కందిపోయింది.

పరీక్షలయ్యాక ఆమె తనంతట తానే సార్ దగ్గరికి వచ్చింది. వాళ్ళది పాలమూరు. తండ్రి మేస్త్రీ పని, తల్లి అదే పనిలో తట్టలు మోస్తుంది. లోయర్ ట్యాంక్ బండ్ దగ్గరి బస్తీలో ఉంటారు.

"కాలేజ్ అయినంక జరసేపు కూసుంట సార్. ఒక్కటే కంప్యూటర్. ఏం ఖరాబ్ చెయ్య" అంది.

"టైమ్‌టేబుల్ ప్రకారమే బిడ్డా. నీకిస్తే అందరికియ్యాలె" అన్నాడు సార్, మెల్లగానే.

నేను కలగజేసుకున్నాను. "ముసుగు తియ్యనియి గన్ని ఉన్నయ్ గద సార్. నేను పక్కన్నే ఉంట."

"మీరుంటరమ్మా. మీరు సెలవు పెట్టిన నాడు?" అని తాళాలగుత్తి సవరించుకున్నాడు.

ఆ పిల్ల చెప్పులేసుకుని మెట్లు దిగింది. వెనకే వెళ్ళి, ఆదివారం మధ్యాహ్నం మా ఇంటికి రమ్మన్నాను. రాదనుకున్నాను. అశోక్ నగర్ మీదుగా నడుచుకుంటూ వచ్చింది.

ఆ తర్వాత చాలా ఆదివారాలు వచ్చింది. నాకు ఉన్నది ఆ ఒక్క సెలవు. నిజం చెప్పాలంటే కొన్ని వారాలు, రాకపోతే బాగుండు, కాసేపు పడుకోవచ్చు అనిపించేది. ఆమె వచ్చేది. ఆన్ చేయడం, ఆపడం, ఫైల్ ఎక్కడ పెట్టామో వెతుక్కోవడం, అన్నీ మొదటి నుంచి నేర్చుకుంది. ఎండాకాలం కరెంటు పోతే ఇద్దరం గడపలో కూర్చుని చాయ్ తాగేవాళ్ళం. అశోక్ నగర్‌లో ఉద్యోగాల పరీక్షలకు చదివేవాళ్ళను దారిలో చూసి వచ్చేది కదా, ఒకసారి అడిగింది. "గా అన్నలు చాయ్ బండ్ల కాడ నిలబడి గూడ సదువుతనే ఉన్నరు మేడం. ఎన్నేండ్లు సదువుతరు?"

"నోటిఫికేషన్ వచ్చేదాంక" అన్నాను.

"అది రాకుంటే?"

కరెంటు వచ్చింది, లోపలికి వెళ్ళాం.

ఒక ఆదివారం ఆమె వచ్చేసరికి నేను ఆటలో ఉన్నాను. ఆపబోతే, "ఉండనియ్యండి మేడం, సూస్త" అని స్టూలు లాక్కుని కూర్చుంది. అప్పటికి కొన్ని వారాలుగా ఒక చోట నా ఆట ఆగిపోయి ఉంది. ఏటి ఒడ్డున ఒక చిన్న ఊరు. అక్కడివాళ్ళ దగ్గర విషపు నీళ్ళను మంచినీళ్ళుగా మార్చే పాత యంత్రం ఒకటుంది. దాన్ని తెచ్చి అప్పజెప్పమని కోటలోని కమాండర్ నాకు ఆజ్ఞ ఇచ్చాడు. నేను ఆ ఊరి దాకా పోవడం, వాళ్ళు బిందెలు పట్టుకుని వరుసలో నిలబడి ఉంటే చూసి తిరిగి రావడం, ఇదే చేస్తున్నాను.

సంగతంతా చెప్పాను. ఆమె తెర వంకే చూస్తూ వింది.

"తీస్కపోయి వాళ్ళేం జేస్కుంటరు మేడం?"

"ఏం చేసుకోరు. జాగ్రత్తగ దాచిపెడ్తరు."

"వాడరా?"

"వాడరు."

"మరి గీ ఊరోళ్ళకు నీళ్ళు?"

"వీళ్ళు యంత్రాన్ని పాడు చేస్తరని కోటవాళ్ళ బయం."

ఆమె స్టూలు ముందుకు జరుపుకుంది. "ఖరాబ్ కాకుండ ఎట్ల వాడాల్నో నేర్పొచ్చు గద? మీరు గదే చెప్పండి గాయనకు."

మళ్ళీ కోటకు వెళ్ళి కమాండర్ ముందు నిలబడ్డాను. అతనితో అనగలిగిన మాటలు తెర కింద మూడు వస్తాయి. ఒకటి తెస్తానని, ఇంకోటి తేనని, మూడోది తర్వాత వస్తానని. ఒక్కోటీ తెలుగులో చెప్పాను. ఆమె అడిగిన మాట అందులో లేదు. ఎన్నిసార్లు వెనక్కి వెళ్ళి వచ్చినా లేదు. తేనని చెప్పాను. కవచాలవాళ్ళందరూ ఒక్కసారిగా నా వైపు తుపాకులు తిప్పారు. ఆ పిల్ల నవ్వి, "ఉరకండి మేడం" అంది. పరుగెత్తాను. ఆ రోజు నుంచి నన్ను ఎక్కడ చూసినా కాల్చేవాళ్ళు.

ఈ సంగతి ఒకరోజు నారాయణగూడ ఇరానీ హోటల్లో సార్‌కు చెప్పాను. బంద్ అని మధ్యాహ్నమే కాలేజీ వదిలేశారు, బస్సులు లేవు, ఆయనే చాయ్ తాగిపోదాం రమ్మన్నాడు. ఏదో నవ్వుకోవడానికని ఎత్తుకున్నాను గానీ, ఆయన నవ్వలేదు. సాసర్‌లో చాయ్ చల్లారిపోయేదాకా విన్నాడు.

"వాళ్ళది తప్పేం లేదమ్మా" అన్నాడు.

తర్వాత ఆయన సైన్యంలో సంగతి ఒకటి చెప్పాడు. కొండల మీద ఒక క్యాంపులో ఉన్నప్పుడట. వైర్‌లెస్ సెట్లు అడిగినవాళ్ళకల్లా ఇచ్చేవాడట. కుర్రాళ్ళు వాటిని పాటలు వినడానికి తిప్పేవాళ్ళు, మంచులో పడేసేవాళ్ళు, తడిసినవాటిని తుడవకుండానే తెచ్చి అరలో పెట్టేవాళ్ళు. ఒక చలికాలం కొందరు ఒక సెట్ తీసుకుని పైకి పోయారు. తుఫాను పట్టుకుంది. సెట్ పలకలేదు.

"దిగొచ్చినంక లెక్కవెడితే ఒకడు తక్కువున్నడు. మా బారక్‌లనే, నా పక్క మంచం. సెట్ ఇచ్చింది నేనే. ఆ రోజు సంది ఎవరికేది ఇయ్యాలన్నా నా పానం గుంజుతది. పోరగాండ్ల మీద నాకేం కోపం లేదమ్మా."

ఆ పిల్ల ముఖం కందిపోవడం కూడా నా కళ్ళ ముందే ఉంది. రెండూ నిజమే. ఆయన బిల్లు ఇచ్చి వచ్చాడు, బర్కత్‌పురా దాకా ఇద్దరం నడిచాం.

తర్వాతి ఏడాది యాజమాన్యం కొత్త కంప్యూటర్లు తెప్పించింది. పాతవన్నీ తీసేయమన్నారు. ముసుగులు లాగి చూస్తే చాలా కీబోర్డుల మీద అక్షరాలు ఇంకా మెరుస్తున్నాయి. తెరలకు అంటించి వచ్చిన ప్లాస్టిక్ కాగితం కూడా ఊడలేదు. సార్ పాత ముసుగుతోనే ఒక్కొక్కటీ తుడిచి వరండాలో పెట్టాడు. పాత సామాన్ల వ్యాపారి ఆటో ట్రాలీ తెచ్చి తూకం వేయబోతుంటే, "ఒక్కటి గూడ ఖరాబ్ గాలే. సూడు, కొత్తయే" అన్నాడు సార్.

"కొత్తయైతేంది సార్, గిప్పుడు వీటిల ఏం నడ్వది. గిది ఇనుమే" అన్నాడు అతను. అతని గొంతులో వెటకారం లేదు.

సార్ తలూపి, ట్రాలీలోకి ఎక్కించడానికి తానూ ఒక చెయ్యి వేశాడు. కొత్తవాటికి ముసుగులు కుట్టించలేదు. ఏడాది తిరగకముందే, మోకాళ్ళు సహకరించడం లేదని ఉద్యోగం మానేశాడు. తాళాలగుత్తి నా టేబుల్ మీద పెట్టి, "జర చూస్కోండమ్మా" అన్నాడు. అంతే.

నేను ఇన్‌చార్జినయ్యాను. కాలేజీ ఉన్నంతసేపూ ల్యాబ్ తలుపు తెరిచే ఉంచాను. అందరూ వచ్చారు, నేర్చుకున్నారు కూడా. మౌస్‌లు మాయమయ్యాయి. ఒక కీబోర్డ్‌లో ఎవరో కూల్‌డ్రింక్ ఒలకబోశారు. వైరస్ వచ్చి వారం రోజులు ఏదీ తెరుచుకోలేదు. ప్రిన్సిపాల్ పిలిచి, "సార్ ఉన్నప్పుడు ఇట్లా ఉండేది కాదు" అన్నాడు. నిజమే, ఉండేది కాదు. మెకానిక్‌కు ఫోన్ చేసి, అతను వచ్చేదాకా మెట్ల మీద కూర్చునేదాన్ని. అలసటగా ఉండేది. అయినా తలుపు మూయాలని మాత్రం అనిపించలేదు. మూయడానికి లేచే ఓపిక కూడా లేదేమో, చెప్పలేను.

ఇంట్లో కంప్యూటర్ ఒక ఎండాకాలం కరెంటు పోయి వచ్చే గొడవలో కాలిపోయింది. హార్డ్ డిస్క్ పోయిందన్నారు. ఆ ఊరివాళ్ళ నీళ్ళ యంత్రం చివరికి ఏమైందో నేను చూడలేదు. తమ్ముడికి చెబితే, "పోనీతీ అక్కా, పాతది" అన్నాడు.

ఆ అమ్మాయి డిగ్రీ పాసై, అడిక్‌మెట్‌లో ఒక రక్తపరీక్షల సెంటర్‌లో రిపోర్టులు టైప్ చేసే పనిలో చేరింది. 2014లో, ఎండలు తగ్గుతుండగా, ఒక సాయంత్రం ఫోన్ చేసింది. మంచి చెడ్డలు అయ్యాక కొంచెం తటపటాయించింది.

"మేడం, కొత్తగ ఒకామె వచ్చింది. నా సిస్టమ్ ముట్టుకుంటనంటది. నేను ముట్టనిస్తలేను."

"ఎందుకు?"

"రిపోర్ట్ తప్పు పడితే మనిషి పానం మీదికొస్తది గద మేడం. తిడితే నన్నే తిడ్తరు. పాస్‌వర్డ్ గూడ మార్చిన." గొంతు తగ్గించి, "నేను గూడ సార్ లెక్క అయితున్ననా?" అని అడిగింది.

"పక్కన కూసోబెట్టుకో. నువ్వు చూస్తుండంగ టైప్ కొట్టమను" అన్నాను.

"గంత టైమ్ యాడిది మేడం. పొద్దుగాల్నుంచి లైన్ కట్టి ఉంటరు."

ఆమెకు టైమ్ లేదన్నది నిజమే. ఆ కొత్తగా వచ్చినామె అప్పుడు ఎక్కడ కూర్చుని ఉందో, ఏం చూస్తూ ఉందో అని నాకనిపించింది. ఆ మాట పైకి అనలేదు. తర్వాత ఆమె వాళ్ళమ్మ నడుం నొప్పి గురించి చెప్పింది. పనికి పోవద్దంటే వినడం లేదట. ఎముకల డాక్టర్ ఎవరైనా తెలుసా అని అడిగితే, హిమాయత్‌నగర్‌లో మా అత్తగారిని చూపించినాయన గురించి చెప్పి, పొద్దున్నే పోతే రద్దీ తక్కువుంటుందన్నాను.